కారు ప్రమాదం తర్వాత కౌన్సెలింగ్: ఒకసారి వెళ్లి మానేసినవాళ్లు మళ్లీ వెళ్లాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మూడు నెలల క్రితం మీవారు కారు నడుపుతుంటే మీరు పక్క సీట్లో ఉన్నారు. కూడలిలో పక్కనుంచి వచ్చిన లారీ మీ వైపు తలుపును గుద్దింది. మీవారికి చిన్న గీతలు తప్ప ఏమీ కాలేదు. మీకు మెడకింద భుజం ఎముక విరిగింది, ఇప్పుడు అతుక్కుంది. ఒంటికి అంతా నయమైందని డాక్టరు చెప్పారు. కానీ కారెక్కితే గుండె దడదడలాడుతుంది, లేని బ్రేకును కాలితో తొక్కుతుంటారు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తారు, ఆ కూడలి వైపు వెళ్లడమే మానేశారు. మీవారేమో "ప్రాణాలతో బయటపడ్డాం, ఇక మర్చిపో" అంటున్నారు. ప్రమాదం జరిగిన వారంలోనే ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే మొదటిరోజే జరిగిందంతా చెప్పించారు. ఇంటికొచ్చాక నిద్ర ఇంకా చెడింది, మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు మళ్లీ వెళ్లాలా, వెళ్తే ఏం చేస్తారు, మందులు వాడాలా, తిరిగి డ్రైవింగ్ చేయగలనా అన్నవి మీ ప్రశ్నలు.

వెళ్లండి. కాకపోతే కౌన్సెలింగ్ అన్న బోర్డు ఉన్నచోటల్లా జరిగేది ఒకటే అనుకోకండి. నేను క్లినికల్ సైకాలజిస్టును. చాలా ఏళ్లుగా ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్లతో పనిచేస్తున్నాను. ఒకసారి వెళ్లి "నాకు పడలేదు" అని మానేసి, ఏడాది రెండేళ్లు లోలోపల నలిగి తర్వాత వచ్చేవాళ్లను తరచుగా చూస్తుంటాను. వాళ్లలో చాలామందికి మొదటిసారి అందింది అసలు చికిత్సే కాదు.

ముందు మీకు జరుగుతున్నదేమిటో చూద్దాం. మీరు రాసినవన్నీ ఒకే కుదురు నుంచి వస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో పీటీఎస్‌డీకి, అంటే ప్రమాదం లాంటి భయంకర అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక సమస్యకు, మూడు ప్రధాన లక్షణాలు చెప్పారు. జరిగిపోయింది మళ్లీ ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్లముందుకో, కలలోకో రావడం ఒకటి. దాన్ని గుర్తుచేసే మనుషుల్ని, దారుల్ని, మాటల్ని తప్పించుకు తిరగడం రెండోది. ప్రమాదం ఇంకా ముగియలేదన్నట్టు ఒళ్లంతా కాపలా కాస్తూ ఉండటం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం మూడోది. మీ ఉత్తరంలో మూడూ ఉన్నాయి. అంతమాత్రాన మీకు పీటీఎస్‌డీ అని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను, ముఖాముఖి పరీక్ష లేకుండా ఎవరూ తేల్చకూడదు. కానీ మూడు నెలలు దాటినా తగ్గడం లేదంటే ఆ పరీక్షకు వెళ్లాల్సిన సమయం వచ్చినట్టే.

మొదటి నెలలో ఇవన్నీ ఉండటం మామూలే. నిద్ర చెడుతుంది, కారు పేరెత్తితే కడుపులో తిప్పుతుంది, ఊరికే ఏడుపొస్తుంది. ఎక్కువమందికి కొన్ని వారాల్లో, ఏ చికిత్సా లేకుండానే తగ్గుముఖం పడుతుంది. అందుకే మొదటి నెలలోపు పీటీఎస్‌డీ అన్న పేరు పెట్టరు. నెల దాటాక కూడా అలాగే ఉన్నా, పెరుగుతున్నా అప్పుడు పట్టించుకోవాలి. అది ధైర్యం చాలకో, మనసు గట్టిది కాకో వచ్చింది కాదు.

"చిన్న ఎముకే కదా విరిగింది, ఇంతోటి దానికి ఇంత గోలా" అని మీరే మిమ్మల్ని అనుకుంటున్నట్టు రాశారు. గాయం ఎంత పెద్దదన్నది ఇక్కడ అంత పెద్ద లెక్క కాదు. ఆ క్షణంలో "ఇక అయిపోయాను" అనిపించిందా లేదా అన్నది దానికంటే ఎక్కువ లెక్క. కాళ్లు రెండూ విరిగినా మనసుకు ఏమీ అంటనివాళ్లున్నారు, ఒక్క గీత పడకపోయినా ఏడాదిపాటు కారెక్కలేనివాళ్లున్నారు. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదు. 1866లోనే లండన్ సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్సన్, రైలు ప్రమాదాల్లో పెద్ద గాయాలేమీ కనబడకపోయినా నెలల తరబడి వణుకు, నిద్రలేమి, జ్ఞాపకశక్తి తగ్గడం లాంటి వాటితో బాధపడుతున్నవాళ్ల గురించి రాశారు. వెన్నెముక అదిరి ఇలా అవుతోందని ఆయన అనుకున్నారు. నష్టపరిహారం కోసం నటిస్తున్నారని రైల్వే కంపెనీల తరఫువాళ్లు వాదించారు. దీనికి పీటీఎస్‌డీ అన్న పేరుతో వైద్య గుర్తింపు దొరికింది 1980లో. నూట పద్నాలుగేళ్లు పట్టింది చూడండి, "ఊరికే నటించడం లేదు" అని ఒప్పుకోవడానికి!

ఇక "మర్చిపో" అన్న సలహా. ప్రేమతోనే అంటారు, కానీ పనిచేయదు. దేన్ని తలుచుకోకూడదని పట్టుబడతామో అదే ఎక్కువగా గుర్తొస్తుంది. దీన్ని 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు ప్రయోగం చేసి చూపించారు. తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలు అనుకోవద్దని కొందరికి చెప్పారు. వాళ్లు ఆపలేకపోయారు సరికదా, తర్వాత అనుకోవచ్చని వదిలినప్పుడు మొదటినుంచీ అనుకోమన్నవాళ్లకంటే ఎక్కువగా అనుకున్నారు. ఎలుగుబంటి సంగతే అలా ఉంటే, లారీ సంగతి చెప్పాలా?

ప్రమాదపు జ్ఞాపకం మామూలు జ్ఞాపకంలా అమరకపోవడం అసలు చిక్కు. పోయిన నెల భోజనానికి ఎక్కడికో వెళ్లిన సంగతి తలుచుకుంటే అది "పోయిన నెల" అనే తెలుస్తుంది. విపరీతమైన భయంలో పడిన జ్ఞాపకం ముక్కలు ముక్కలుగా, వాసనతో, చప్పుడుతో, ఒంటిమీది నొప్పితో సహా ఉండిపోతుంది, దానిమీద తేదీ సరిగా పడదు. అందుకే గుర్తుకొచ్చినప్పుడు గతంలా కాక ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. మా రంగంలో దీనికి తరచుగా చెప్పే పోలిక ఒకటుంది. హడావుడిగా బట్టలన్నీ అలమరాలో కుక్కి తలుపు మూస్తే, అటుగా ఎవరు నడిచినా తలుపు తెరుచుకుని అన్నీ మీద పడతాయి. తలుపును ఇంకా గట్టిగా నొక్కిపట్టుకుంటే చేతులు నొప్పి పుడతాయే తప్ప లాభం లేదు. ఒకసారి అన్నీ బయటకు తీసి, మడిచి, ఎక్కడివక్కడ పెడితే తలుపు దానంతటదే మూసుకుంటుంది. కౌన్సెలింగ్‌లో జరగాల్సింది ఆ తీయడం, మడవడం.

మీ విషయంలో ఇంకొక సంగతి గమనించారో లేదో. పక్క సీట్లో కూర్చుంటే బెల్టు తలుపు వైపు భుజం మీదుగా వస్తుంది. విరిగిందీ అటువైపు ఎముకే. అంటే మీరు బెల్టు పెట్టుకున్న ప్రతిసారీ సరిగ్గా ఆ చోటే ఒత్తిడి పడుతోంది. కారెక్కగానే దడ మొదలవడానికి అదీ ఒక కారణం కావచ్చు. నొప్పి భయాన్ని లేపుతుంది, భయంతో కండరాలు బిగిసి నొప్పి పెరుగుతుంది. ఇది మీ కొత్త కౌన్సెలర్‌కు తప్పకుండా చెప్పండి. ఫిజియోథెరపీ ఇంకా నడుస్తుంటే అక్కడా చెప్పండి.

ఇప్పుడు మీ మొదటి అనుభవం. ప్రమాదమైన కొద్ది రోజుల్లోనే మనిషిని కూర్చోబెట్టి, ఒకే ఒక్క సెషన్లో మొదటినుంచి చివరిదాకా చెప్పించి, ఆ భావాలన్నీ బయటకు తెప్పించి పంపేయడాన్ని డీబ్రీఫింగ్ అంటారు. ఒకప్పుడు చాలాచోట్ల ఇదే పద్ధతి. మంచిదేనని అందరూ నమ్మారు కూడా. రిచర్డ్ మేయూ, ఆంకే ఏలర్స్, మైకేల్ హాబ్స్ అనే పరిశోధకులు రోడ్డు ప్రమాదాలతో ఆసుపత్రిలో చేరినవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఇలా చెప్పించి, రెండో గుంపును వదిలేసి, మూడేళ్ల తర్వాత ఎలా ఉన్నారో చూశారు. ఆ ఫలితాలు 2000లో వచ్చాయి. చెప్పించిన గుంపే అధ్వాన్నంగా ఉంది. ముఖ్యంగా మొదట్లో ఎక్కువ భయపడ్డవాళ్లలో చెప్పించనివాళ్లు కోలుకున్నారు, చెప్పించినవాళ్లకు బాధ అలాగే ఉండిపోయింది. అందుకే బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల సంస్థ నైస్ 2018లో ఇచ్చిన సూచనల్లో ఈ పద్ధతి వద్దని స్పష్టంగా ఉంది. కాబట్టి మీకు పడకపోవడం మీ లోపం కాదు. ఆ కౌన్సెలర్ కూడా చెడ్డ ఉద్దేశంతో చేసి ఉండకపోవచ్చు, పాత పద్ధతి ఇంకా చాలామంది చేతుల్లో ఉంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని తప్పుగా అర్థం చేసుకునేవాళ్లు ఎక్కువ. జరిగింది చెప్పించడం తప్పు కాదు. సరైన చికిత్సలోనూ చెప్పిస్తారు, ఇంకా వివరంగా చెప్పిస్తారు. ఏ తయారీ లేకుండా, ఎందుకు చెప్పిస్తున్నారో వివరించకుండా, ఒక్కసారి కెలికి వదిలేయడం దగ్గరే తేడా వస్తుంది. ఈ తేడా తెలియక "ప్రమాదం మాట అస్సలు ఎత్తని కౌన్సెలర్ కావాలి" అని వెతుక్కుంటారు. అలాంటివాళ్లు సులభంగానే దొరుకుతారు. వారం వారం ఆఫీసు సంగతులు, ఇంటి సంగతులు మాట్లాడుకుంటారు, మనసు కాస్త తేలికవుతుంది, కారు మాత్రం అలాగే భయపెడుతుంటుంది. నా దృష్టిలో ప్రమాదం తర్వాత జరిగే కౌన్సెలింగ్‌లో డబ్బూ కాలమూ ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే. కెలికి వదిలేసేవాళ్ల దగ్గర కంటే ఎప్పటికీ ముట్టుకోనివాళ్ల దగ్గరే ఎక్కువమంది ఏళ్లు పోగొట్టుకుంటారు.

మరి సరైన చికిత్స ఎలా ఉంటుంది? పేర్లు మూడు నాలుగున్నాయి. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అని, భయపెట్టే జ్ఞాపకాన్నీ చోట్లనూ మెల్లగా ఎదుర్కొనేలా ఎడ్నా ఫోవా రూపొందించినది ఒకటి. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి గంట నుంచి గంటన్నర. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ అని, జరిగినదాని గురించి మనసులో పాతుకున్న ఆలోచనల్ని పరిశీలించి సరిచేసేలా ప్యాట్రిషియా రీసిక్ తయారుచేసినది ఇంకొకటి, మామూలుగా 12 సెషన్లు. ఏలర్స్, డేవిడ్ క్లార్క్ కలిసి అభివృద్ధి చేసిన కాగ్నిటివ్ థెరపీ మరొకటి. ఈఎండీఆర్ అని ఫ్రాన్సీన్ షపీరో 1989లో ప్రచురించిన పద్ధతిలో జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని చికిత్స చేసేవారి వేలి కదలికను కళ్లతో అనుసరించమంటారు. అది పనిచేస్తుందనడానికి మంచి ఆధారాలున్నాయి. అయితే ఆ కళ్ల కదలిక వల్లే పనిచేస్తోందా, జ్ఞాపకాన్ని ధైర్యంగా ఎదుర్కోవడం వల్లా అన్న వాదన ఇంకా తెగలేదు. రోగికి ఆ వాదనతో పని లేదు. ఈ నాలుగింటిలో మీకు దగ్గర్లో, బాగా నేర్చుకున్న మనిషి దగ్గర ఏది దొరికితే అది మంచిది. పేరు చూసి ఎంచుకోవడం కంటే మనిషిని చూసి ఎంచుకోవడమే నయం.

మొదటి సెషన్లో ప్రమాదం గురించి మీకు వీలైనంతే అడుగుతారు. నిద్ర, తిండి, మద్యం, పాత దెబ్బలు, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా అని అడుగుతారు. ఇరవై ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చి మార్కులు వేయమంటారు. అది పరీక్ష కాదు, నెల తర్వాత మళ్లీ ఇచ్చి తేడా చూడటానికి. తర్వాత మీ లక్షణాలు ఎందుకు వస్తున్నాయో మీ భాషలో వివరించి, ఏం చేయబోతున్నారో ముందే చెబుతారు. ఈ వివరణ లేకుండా నేరుగా "చెప్పండి" అని మొదలుపెడితే ఆపి అడిగే హక్కు మీకుంది.

ఆ తర్వాత జ్ఞాపకం మీద పని. కళ్లు మూసుకునో, తెరిచో, ఆ రోజు కారెక్కినప్పటినుంచి క్షేమంగా ఉన్నానని తెలిసిన క్షణం వరకు, ఇప్పుడు జరుగుతున్నట్టే చెప్పమంటారు. మొదటిసారి కష్టంగా ఉంటుంది, అబద్ధం చెప్పను. కానీ చెబుతున్నప్పుడు కథ అంతా ఒకేలా భయపెట్టదని మీకే తెలుస్తుంది. రెండు మూడు క్షణాలు మాత్రమే మంటపుట్టిస్తాయి. మీ విషయంలో అది లారీ ముందుభాగం కిటికీలోంచి కనబడిన క్షణం కావచ్చు, గుద్దాక మీవారు పలకకుండా ఉన్న కొన్ని సెకన్లు కావచ్చు. చాలామంది గుద్దిన క్షణమే అనుకుంటారు, తీరా చూస్తే దానికి ముందో వెనకో ఉంటుంది. ఆ క్షణంలో మీ మనసులో పడిన మాటేమిటి? "ఆయన పోయారు" అనా? "పిల్లలేమవుతారు" అనా? ఆ మాట అక్కడ అలాగే ఉండిపోయింది, తర్వాత తెలిసిన నిజం దానిదాకా చేరలేదు. అసలు పని ఏమిటంటే, ఆ క్షణాన్ని మళ్లీ తలుచుకుంటూ ఇప్పుడు తెలిసినది దానికి కలపడం: ఆయన బతికే ఉన్నారు, పక్క గదిలో ఉన్నారు, నా భుజం అతుక్కుంది. వినడానికి ఇది చాలా చిన్న విషయంలా ఉంటుంది. బుద్ధికి తెలిసిన నిజాన్ని భయం పుట్టిన చోటుకు చేర్చడానికే ఇన్ని సెషన్లూ.

సెషన్ల మధ్య ఇంటిపని, అంటే ఇంటి దగ్గర చేయమని కౌన్సెలర్ ఇచ్చే అభ్యాసం, ఉంటుంది. కొందరు దీన్ని వదిలేస్తారు, "మాట్లాడటానికి వెళ్తున్నాం కదా, ఇదెందుకు" అని. ఇంటిపని చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ ఫలితంలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి రెండు మూడు సెషన్ల తర్వాత కలలు, చిరాకు కాస్త పెరగవచ్చు. అది వారం తిరిగేసరికి తగ్గుతూ, ప్రతిసారీ కాస్త తక్కువగా వస్తుంటే సరైన దారిలోనే ఉన్నారు. తగ్గకుండా పేరుకుపోతుంటే దాచుకోకుండా చెప్పండి, వేగం తగ్గిస్తారు.

ఇక కారు దగ్గరికి తిరిగి రావడం. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇక్కడే మనుషులు ఒకటి రెండు రకాలుగా పొరబడతారు. ఒకరు అస్సలు ముట్టుకోరు, ఇంకొకరు "భయాన్ని జయించాలి" అని ఒక ఆదివారం నేరుగా హైవే ఎక్కేస్తారు. హైవే ఎక్కినవాళ్లలో కొందరు మధ్యలో ఆగి, వణుకుతూ వెనక్కి వచ్చి ఇంకో ఆర్నెల్లు కారు ముట్టరు. మెట్లు కట్టుకోవాలి. సున్నా నుంచి వంద వరకు భయానికి మార్కులు వేసి, ఒక కాగితం మీద మీకు మీరే రాసుకోండి. ఆగి ఉన్న కారులో ఇంజిను ఆపి కూర్చోవడం, ఇంజిను వేసి కూర్చోవడం, బెల్టు పెట్టుకుని కూర్చోవడం, ఖాళీ రోడ్డు మీద పక్క సీట్లో కొద్ది దూరం, పెద్ద బండ్లు పక్కనుంచి వెళ్లే రోడ్డు, ఏదో ఒక కూడలి, చివరికి ఆ కూడలి. మీ లెక్కలో బెల్టు మెట్టు ఎత్తుగా ఉండవచ్చని పైన చెప్పిన కారణంగా అనుకుంటున్నాను. అలాగైతే దాన్ని విడిగా చేయండి, ఆగి ఉన్న కారులోనే, భుజానికి ఆ ఒత్తిడి అలవాటయ్యేదాకా.

ప్రతి మెట్టు దగ్గరా బయల్దేరేముందు ఏం జరుగుతుందని భయపడుతున్నారో ఒక వాక్యం రాయండి. "గుండె ఆగిపోతుంది", "కేకవేసి ఆయన్ను బెదరగొడతాను, మళ్లీ గుద్దేస్తాం", "పిచ్చిదాన్నైపోతాను". తిరిగొచ్చాక జరిగిందేమిటో దాని కిందే రాయండి. భయం తగ్గడం ఒక్కటే లక్ష్యం కాదు. అనుకున్నది జరగలేదని మీ మెదడు మళ్లీ మళ్లీ చూడాలి. భయం ఎక్కువగా ఉన్నప్పుడు దిగిపోవడం అలవాటైతే, దిగడం వల్లే బతికాను అన్న పాఠం పడుతుంది, అందుకే వీలైనంతవరకు కాస్త నెమ్మదించాకే దిగండి.

లేని బ్రేకును తొక్కడం, పైనున్న పిడిని గట్టిగా పట్టుకోవడం, "చూసుకోండి, చూసుకోండి" అంటూ ఉండటం, కళ్లు మూసుకోవడం. ఇవన్నీ మిమ్మల్ని కాపాడుతున్నట్టు అనిపిస్తాయి. నిజానికి కాపాడేది రోడ్డు మీద ఉన్నవాళ్లందరూ బ్రేకు వేయడం, బెల్టు, మీవారి చూపు. మీ కాలు కాదు. కానీ మీ మెదడు మాత్రం ప్రతిసారీ "నేను తొక్కాను కాబట్టే ఆగింది" అని లెక్క రాసుకుంటుంది. ఒక్కొక్కటే వదలండి. మొదట కాలు నేలమీద ఆనించి ఉంచడం ఒక్కటే పనిగా పెట్టుకోండి. చేతుల సంగతి తర్వాత. నిజమైన జాగ్రత్తలు మాత్రం వదలనక్కర్లేదు. బెల్టు పెట్టుకోమనడం, అలసిపోయి ఉంటే నడపొద్దనడం జాగ్రత్తే తప్ప భయం కాదు.

మీవారి గురించి. ఆయన "మర్చిపో" అనడం వెనక ఇంకొకటి ఉండవచ్చు. స్టీరింగ్ ఆయన చేతిలో ఉంది, గాయం మీకైంది. ఆ క్షణాన్ని ఆయన కూడా తలుచుకోకుండా తప్పించుకు తిరుగుతున్నారేమో. నడిపినవాళ్లకు వచ్చే అపరాధభావం మొండిది. "ఒక్క సెకను ముందు చూసి ఉంటే" అన్న మాట ఇప్పుడు తెలిసినదంతా అప్పుడూ తెలిసినట్టు అనిపించడం వల్ల వస్తుంది. ఆ ఒక్క సెకనులో ఆయనకు తెలిసిందేమిటో విడదీసి చూపించడం కౌన్సెలింగ్‌లో చాలాసార్లు చేసే పనే. అలాగే మీలో ఆయన మీద చెప్పుకోని కోపం కూడా ఉండవచ్చు. ఉంటే ఉన్నందుకు సిగ్గుపడకండి, కౌన్సెలర్ దగ్గర ముందుగా చెప్పండి. ఒకటి రెండు సెషన్లకు ఆయన్ను కూడా పిలవమని అడగవచ్చు. ఆయన రానంటే బలవంతం వద్దు. కానీ కారులో ఒక ఒప్పందం పెట్టుకోండి: మెట్టు ఎక్కుతున్న రోజుల్లో ఆయన ఎగతాళి చేయరు, వేగం పెంచి చూపించరు, "ఏమీ కాదులే" అని పదేపదే అనరు. మీరు ఆపమన్నప్పుడు పక్కకు తీసి ఆపుతారు, ఇంటికి తిప్పరు.

మందుల గురించి తక్కువే చెబుతాను, అవి సైకియాట్రిస్టు నిర్ణయించాల్సినవి. సెర్ట్రలీన్, పారాక్సిటీన్ లాంటి మందులు పీటీఎస్‌డీకి వాడతారు, కొందరికి బాగా ఉపయోగపడతాయి. ముఖ్యంగా దిగులు తీవ్రంగా ఉండి సెషన్లో కూర్చునే ఓపికే లేనప్పుడు. నిద్ర కోసమో, టెన్షన్ తగ్గడానికో ఇచ్చే బెంజోడయాజిపీన్ మాత్రల విషయంలో జాగ్రత్త. ప్రమాదం జరిగిన మొదటి నెలలో ఆ లక్షణాలకు ఇవి పెద్దవాళ్లకు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. అవి తాత్కాలికంగా మొద్దుబారుస్తాయి, అలవాటు పడతాయి, భయాన్ని ఎదుర్కొని నేర్చుకోవాల్సింది నేర్చుకోనివ్వవు. ఇప్పటికే వాడుతుంటే మీకు మీరే హఠాత్తుగా ఆపకండి, డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా తగ్గించుకోవాలి. రాత్రిపూట మద్యంతో నిద్రపోవడం కూడా ఇదే దారి.

ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది. ఆ రోజు తలకు దెబ్బ తగిలిందా, కాసేపు ఏం జరిగిందో గుర్తులేదా? తల అదిరిన తర్వాత వచ్చే తలనొప్పి, చిరాకు, ఏకాగ్రత లేకపోవడం, నిద్ర చెడటం పీటీఎస్‌డీలోనూ ఉంటాయి. రెండూ ఒకేసారి ఉండొచ్చు. తల తిరగడం, వెలుతురు భరించలేకపోవడం, మాటలు తడబడటం లాంటివి ఉంటే కౌన్సెలర్‌కంటే ముందు డాక్టరుకు చూపించండి.

కౌన్సెలర్‌ను వెతికేటప్పుడు మొదటి ఫోన్‌లోనే అడగండి. ప్రమాదాల తర్వాతి భయంతో వచ్చినవాళ్లతో పనిచేశారా? ఏ పద్ధతి వాడతారు, దానిలో శిక్షణ ఎక్కడ తీసుకున్నారు? సుమారుగా ఎన్ని సెషన్లు పడుతుంది? ఇంటిపని ఇస్తారా? మధ్యలో ఎలా ఉందో ఎలా కొలుస్తారు? వీటికి విసుక్కునే మనిషి దగ్గరికి వెళ్లనక్కర్లేదు. "అందరికీ వేర్వేరుగా ఉంటుంది, వచ్చాక చూద్దాం" అన్న ఒక్క మాటతో అన్నిటినీ దాటేస్తే అనుమానించండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే వీడియో కాల్ ద్వారా చేయించుకోవచ్చు. ఈ చికిత్సలు వీడియోలోనూ బాగానే పనిచేస్తాయని పరిశోధనలున్నాయి. పరిహారం కేసు నడుస్తుంటే, మీ రికార్డులు ఎవరికి వెళ్లవచ్చు, ఎవరికి వెళ్లకూడదు అన్నది కౌన్సెలర్‌నూ, మీ లాయర్‌నూ మొదట్లోనే అడిగి తెలుసుకోండి. కేసు తేలేదాకా చికిత్స ఆపుకోవడం మాత్రం వద్దు. కేసు ఎంతకాలం సాగుతుందో ఎవరూ చెప్పలేరు, అన్నాళ్లూ మీ నిద్రను తాకట్టు పెట్టనక్కర్లేదు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ప్రమాదం ఈ మధ్యే జరిగి ఉంటే, మొదటి వారాల్లో చేయాల్సింది వేరు. సరిగా తినడం, పడుకోవడం, మనసుకు నచ్చినవాళ్ల మధ్య ఉండటం, మాట్లాడాలనిపిస్తే మాట్లాడటం, అనిపించకపోతే మానేయడం, వీలైనంత త్వరగా మామూలు దారుల్లోకి రావడం. ఒక ఆసక్తికరమైన సంగతి కూడా ఉంది. రోడ్డు ప్రమాదం జరిగి ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లతో ఆరు గంటలలోపే ప్రమాదాన్ని ఒకసారి గుర్తుచేయించి టెట్రిస్ వీడియో గేమ్ ఆడిస్తే, ఆ తర్వాతి వారంలో కళ్లముందుకొచ్చే దృశ్యాలు తగ్గాయని 2018లో ఒక అధ్యయనం వచ్చింది. కంటికి పని చెబితే ఆ చిత్రాలు అంత గట్టిగా పాతుకోవన్నది దాని వెనక ఆలోచన. దీన్ని చికిత్స అనడానికి ఇంకా తొందర, కానీ నాకు నచ్చిన పరిశోధనల్లో ఇదొకటి.

మీకు గానీ, మీవారికి గానీ "బతకడం ఎందుకు" అన్న ఆలోచన వస్తుంటే ఈ మెట్లు, కాగితాలు అన్నీ పక్కన పెట్టి ఈ రోజే దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి లేదా అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. ఒంటరిగా ఉండకండి.

మళ్లీ డ్రైవింగ్ చేయగలరా అన్న ప్రశ్నకు సమాధానం: చాలామంది చేస్తారు. ఎప్పుడన్నది తొందరపడి చెప్పను. పక్క సీట్లో కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటూ కూడళ్లు దాటగలిగాక స్టీరింగ్ మొదలుపెట్టడం నా పద్ధతి. కొందరికి దీనికి వ్యతిరేకంగా ఉంటుంది, నడుపుతుంటే బ్రేకు తమ కాలికింద ఉంటుంది కాబట్టి బాగుంటుంది, పక్కన కూర్చోవడమే కష్టం. అలాగైతే అటునుంచే మొదలుపెట్టవచ్చు. ఆరు సెషన్లు దాటినా నిద్రలో, కారులో ఏ కాస్త తేడా లేకపోతే కౌన్సెలర్‌ను నేరుగా అడగండి, ఏం మార్చాలో చెప్పమనండి. చెప్పలేకపోతే ఇంకొకరిని చూసుకోండి. అంతా బాగయ్యాక కూడా ప్రమాదం జరిగి ఏడాది నిండే రోజుల్లోనో, కోర్టుకు వెళ్లాల్సి వచ్చినప్పుడో, రోడ్డు మీద త్రుటిలో ఇంకో ప్రమాదం తప్పినప్పుడో పాత లక్షణాలు కొద్ది రోజులు తలెత్తవచ్చు. అలా జరిగితే ఏం చేయాలన్నది చివరి సెషన్లలో కౌన్సెలర్‌తో కలిసి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఒకటి రెండు సెషన్ల కోసం మళ్లీ ఫోన్ చేయండి, మొదటినుంచి మొదలుపెట్టాల్సిన పని సాధారణంగా ఉండదు.